మంచి కబురు వద్దన్న పూట

“ఈ పూట మనకెవరూ మంచి కబురు చెప్పకుండా చూడు దేవుడా” అని మొక్కుకుని, బురుల్చా ఫోను కట్టేసి, దాన్ని ఒక ఉన్ని మేజోడులో దోపి, ఆ మేజోడుని సంచి అడుక్కి తోసింది.

“నీదేదయ్యా?” అంది మొగుడితో.

జుమాష్ కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకుతున్నాడు. గీకడం ఆపకుండానే రెండో చేత్తో జేబులోంచి ఫోను తీసి ఇచ్చేశాడు. పెళ్ళాం ఏదడిగినా ముందు ఇచ్చేసి, ఎందుకని తరవాత అడగడం అతనికి అలవాటు.

“ఎందుకు?”

“ఎందుకేమిటి? ఆసుపత్రి నుంచి మీ అక్క ఫోను చేస్తుంది.”

“చేస్తే మంచిదేగా. కోడలు నీళ్ళాడిందో లేదో తెలుస్తుంది.”

“అదే తెలియకూడదంటున్నాను. ఈ తివాచీ నా చేతిలోంచి కమ్మరి పెళ్ళాం కెంజే చేతిలోకి పోయేదాకా మనకి పుట్టిందని తెలియకూడదు, పుట్టలేదని తెలియకూడదు. అర్థమైందా?”

అర్థం కాకపోయినా జుమాష్ తల ఊపాడు. వెనక సీట్లో, పెరుగు ఎండబెట్టి చుట్టిన కురుత్ ఉండల మూట ఒళ్ళో పెట్టుకుని అప్పటికే సర్దుకు కూర్చున్న అత్తగారు కలీచాకి మాత్రం బాగా అర్థమైంది. ఆ అక్క షరీపా ఆవిడ కడుపున పుట్టిందే మరి.

“నా ఫోను మొన్న ఆవు తొక్కింది. నాకెవరూ చెప్పలేరు. నువ్వు నిశ్చింతగా ఉండు పిల్లా,” అందావిడ.

తివాచీని బురుల్చా తన పక్కనే, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టుకుంది. రెండు చలికాలాల పని అది. ఉన్ని ఏరి, దులిపి, వేణ్ణీళ్ళు పోసి, తడికెలో చుట్టి, ఇంటిల్లిపాదీ కాళ్ళతో తొక్కితే అణిగిన ఉన్ని. ఎర్రదీ నల్లదీ కలిపి కోసి, పొట్టేలు కొమ్ముల ముగ్గు వచ్చేట్టు ఒకదాన్లో ఒకటి పొదిగి, అంచుల వెంట తెల్ల తాడు కుట్టింది. దీనికి ఎసెన్ అనే కమ్మరి తాను చేసిన ఇనప పొయ్యి ఇస్తానన్నాడు. కొడుకు ఉర్మత్ ఇంటి పక్కన కొత్తగా కట్టిన గదికి తలుపుంది, కిటికీ ఉంది, పైకప్పు ఉంది, పొయ్యి లేదు. అక్టోబరు చివరికొచ్చింది. సోన్‌కోల్ మేత బయళ్ళ నుంచి మందలన్నీ దిగిపోయాయి. పసిబిడ్డని తీసుకొచ్చి ఆ గదిలో పడుకోబెడితే పొద్దునకి ఉగ్గుగిన్నెలో పాలు గడ్డకడతాయి. ఆ పొయ్యిని అడిగినవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. ఈ శనివారం సంత దాటితే తాను ఆపలేనని ఎసెన్ ముందే చెప్పేశాడు.

ఇక్కడిదాకా చిక్కేమీ లేదు. చిక్కంతా ఆడపడుచుతోనే.

మంచి కబురు ముందు చేరవేసినవాళ్ళకి సుయుంచు ఇచ్చుకోవాలి. ఎవరైనా ఇస్తారు, బురుల్చా కూడా ఇస్తుంది. పక్కింటివాళ్ళయితే ఓ రుమాలో, గుప్పెడు మిఠాయో అడిగి నవ్వుకుంటూ పోతారు. షరీపా అలా పోయే మనిషి కాదు. కొండమీద ఆవు ఈనిందని చెప్పి బురుల్చా భుజం మీది శాలువా లాక్కుపోయింది. ఉర్మత్‌కి డ్రైవింగు లైసెన్సు వచ్చిందని చెప్పి రాగి కెటిలు పట్టుకుపోయింది. ఒక ఏడు జుమాష్‌కి కడుపులో ఆపరేషనై ఇంటికొస్తే, అతను గేటు దగ్గర కారు దిగుతుండగానే లోపలికి దూసుకొచ్చి, “నీ మొగుడు బతికాడే! సుయుంచు!” అని గోడకున్న నిలువుటద్దం దింపించుకుంది. జుమాష్ కడుపు పట్టుకుని గుమ్మంలో ఒక పక్కకి ఒదిగి, అద్దానికి దారిచ్చాడు.

అత్తింటి పెద్దల పేరు కోడలి నోట రాకూడదు కనక, కొత్త కాపురం రోజుల్లోనే బురుల్చా ఆవిడకి ‘ముందువదిన’ అని పేరు పెట్టుకుంది. ఎక్కడికైనా ఆవిడే ముందు వచ్చేది. వేసవిలో తివాచీ సగం కుట్టి ఉండగా ముందువదిన వచ్చి, దాని మీద అరచెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు. “మెత్తగా ఉందే” అంది. అంతే అంది. బురుల్చాకి ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఇప్పుడు కోడలు మేరిమ్ నిన్న సాయంత్రం నుంచీ ఊరి ఆసుపత్రిలో ఉంది. ఆ ఆసుపత్రి వంటింట్లో గంజి కాచేది షరీపాయే. అంతకంటే చెప్పేదేముంది! పసిబిడ్డ కబురు మీద సుయుంచు కాదంటే, ఆ బిడ్డ అదృష్టానికి మనమే అడ్డుపడ్డట్టు. ఏదడిగితే అది ఇచ్చి తీరాలి.

ఉన్న ఆశల్లా ఒక్కటే. రోగులందరికీ గంజి వడ్డించి, గిన్నెలు తోమించేదాకా షరీపా వంటిల్లు కదలడానికి లేదు.

*

కోక్‌బెల్ సంతకి ఒక చివర గొర్రెలు, ఒక చివర పొయ్యిలు. మధ్యలో బంగాళాదుంపల బస్తాలు, తేనె సీసాలు, గుర్రపు జీన్లు, టోపీలు, ఉన్ని సామాను. వీళ్ళ చోటు తేనె అమ్మే బేగిమ్ పక్కన. జుమాష్ దుంపల బస్తాలు దించాడు. కలీచా ఓ స్టూలు మీద కూర్చుని కురుత్ మూట విప్పింది. బురుల్చా తివాచీ చుట్ట విప్పకుండానే ఒళ్ళో పెట్టుకుని ఎసెన్ కొట్టు వైపు చూసింది.

ఎసెన్ చేతులు మోచేతులదాకా మసి. ఆమెని చూసి దూరం నుంచే అరిచాడు.

“తెచ్చావా అక్కా?”

“తెచ్చా. పొయ్యి కారెక్కించు.”

“మా ఆవిడ రానీ. రంగు ఆవిడ చూడాలి.”

“కిందటి నెల చూసిందిగా!”

“అప్పుడు ఎండలో చూసింది. నీడలో చూడలేదట.”

“ఎప్పుడొస్తుంది?”

“పాలు పితికి వచ్చేస్తానంది. ఆవులు రెండే. కాకపోతే ఒకటి తంతుంది.”

ఒకవైపు గంజి, ఇంకోవైపు తన్నే ఆవు. బురుల్చా ఆసుపత్రి ఉన్న వైపు వీపు పెట్టి కూర్చుంది.

“ఒసే బురుల్చా, నీకో మాట చెప్పాలే,” అంది బేగిమ్, తేనె గరిటె నాకుతూ.

“వద్దు!”

“మంచి మాటేనే.”

“అసలు వద్దు! నోరు మూసుకో బేగిమ్, నీకు పుణ్యముంటుంది!”

బేగిమ్ గరిటె నోట్లోనే ఉంచుకుని చూసింది. “నీ రుమాలు బాగుందే అందామనుకున్నా. పోనీలే, బాలేదు.”

ఇంకొంచెం సేపటికి దుంపలు కొనడానికొచ్చిన పెద్దమనిషి జుమాష్ చెయ్యి పట్టుకుని ఊపుతూ, “ఇంక నీకు మంచి రోజులయ్యా!” అన్నాడు. బురుల్చా రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుని “లా లా లా” అని పాట ఎత్తుకుంది. ఆయన జుమాష్ దుంపలు చూసి అన్నాడా మాట. ఈయేడు పురుగు పట్టలేదని. ఆయన దుంపలు కొనకుండానే వెళ్ళిపోయాడు, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ.

“బేరం పోయింది,” అన్నాడు జుమాష్.

“పోతే పోయింది.”

“సుయుంచు అడిగేవాడు కాదు ఆయన. మర్యాదస్తుడు.”

కలీచా ఒక కురుత్ ఉండ బుగ్గన పెట్టుకుని అటూ ఇటూ దొర్లించింది. పళ్ళు లేవు కనక ఒక ఉండ ఆవిడకి మధ్యాహ్నం దాకా వస్తుంది.

“ఏమే పిల్లా, కబురు ఒకసారేగా కొత్త?” అంది.

“అంటే?”

“అంటే, షరీపాకంటే ముందు ఇంకెవరైనా నీకు చెప్పేశారనుకో. వాళ్ళకి నువ్వు నాలుగు కురుత్ ఉండలు సుయుంచు ఇచ్చేశావనుకో. తరవాత అది వచ్చి అరిస్తే ఏముంది, పాత కబురే. ఎవరైనా చౌకైన మనిషి నోట విను.”

బురుల్చాకి అప్పుడు తట్టింది. పొద్దుటి నుంచీ తాను తలకిందులుగా పరిగెడుతోంది! వెంటనే సంచి బోర్లించి మేజోడులోంచి ఫోను తీసి కొడుక్కి చేసింది. ఉర్మత్ ఫోను కట్టేసి ఉంది. నాకు ఫోను చెయ్యకురా, నోరు జారతావు అని రాత్రి తనే చెప్పింది. తల్లి మాట జవదాటని కొడుకు. తన ఫోను కూడా ఆపేసుకున్నాడు.

“వాడి బుద్ధిమంతతనం మండిపోనూ!” అంది బురుల్చా.

“నే వెళ్ళి కనుక్కు రానా?” అన్నాడు జుమాష్.

“నువ్వెళితే గుమ్మంలోనే మీ అక్క నీ చెవిలో వేస్తుంది. నీకు చెబితే ఒకటి, నాకు చెబితే ఒకటీనా? కదలకు.”

బేగిమ్ వైపు తిరిగింది. గొంతులో ఆ తేనె సీసాల్లో ఉన్నంత తీపి నింపుకుంది.

“బేగిమ్ తల్లీ, ఇందాక నీకో మాట చెప్పాలన్నావు. అది రుమాలు మాట కాదు కదూ.”

“కాదు.”

“చెప్పవే మరి. నీకు కురుత్ ఇస్తా. దోసెడు.”

“చెప్పను.”

“ఎందుకే?”

బేగిమ్ అటూ ఇటూ చూసి ముందుకి వంగింది. “ఇందాక నోరు జారబోయాను, నువ్వే ఆపావు. తెల్లారగట్ల షరీపా ఫోను చేసింది. ఇది నా కబురు, ఎవరైనా ముట్టుకున్నారో మీ జుట్టు మీ నెత్తిన ఉండదు అంది. నాకే కాదు, ఈ వరసంతా చేసింది. టోపీల ఆయనకి కూడా చేసింది. ఆయన పాపం పొద్దుటి నుంచీ నీ వైపు చూడ్డమే మానేశాడు.”

బురుల్చా చూసింది. టోపీల ఆయన చటుక్కున ఆకాశం వంక చూశాడు.

“అంటే, అయిపోయిందన్నమాట,” అంది బురుల్చా. వెంటనే బేగిమ్ చెయ్యి పట్టుకుంది. “అయిపోయిందా బేగిమ్? పిల్లకేం ఇబ్బంది లేదుగా?”

“నేనేమీ చెప్పలేదు.”

“తల్లీ బిడ్డా ఇద్దరూ…”

బేగిమ్ దగ్గింది. దగ్గుతూ తల పైకీ కిందకీ ఊపింది. “నేను దగ్గాను. దగ్గితే తల ఊగుతుంది. దానికి నాదేం లేదు.”

“ఆడా, మగా? దగ్గి చెప్పు.”

“దానికి దగ్గు లేదే. ఇంక నన్నడక్కు, నా సీసాలు పగలగొడుతుంది.”

బురుల్చా తివాచీ చుట్టని గట్టిగా పట్టుకుంది. తాను నాన్నమ్మ అయింది. సంతంతటికీ తెలుసు, టోపీల ఆయనకి కూడా తెలుసు, తనకి తప్ప. ఆసుపత్రి ఇక్కడికి పిలిస్తే పలికేంత దూరం. లేచి పరిగెత్తాలని కాళ్ళు లాగుతున్నాయి. ఒళ్ళో ఉన్న తివాచీ లేవనివ్వడం లేదు. ఆడో మగో తెలియకుండా సంతోషపడటం ఎలాగో ఆమెకి చేతకాలేదు. ఊరికే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని జుమాష్‌కి కనబడకుండా రుమాలు కొసతో అద్దుకుంది.

“అదిగో కెంజే,” అన్నాడు జుమాష్.

*

కమ్మరి పెళ్ళాం కెంజే నిదానస్తురాలు. ఆవు తన్నిన మోకాలు ఒత్తుకుంటూ వచ్చింది. కలీచా ఆరోగ్యం అడిగింది, దుంపల సంగతి అడిగింది, మేరిమ్ సంగతి అడగబోయి, బేగిమ్ కళ్ళు ఉరమడంతో మధ్యలో ఆపి, “చలి ముదిరింది” అంది. బురుల్చా ఎసెన్ కొట్టు నీడలో, పొయ్యి పక్కనే తివాచీ పరిచింది. కెంజే ఒకసారి ఈ మూలన నిలబడి చూసింది. ఒకసారి ఆ మూలన నిలబడి చూసింది. ఒక కొస తిరగేసి కుట్లు చూసింది.

“ఎరుపు ముదురు కాదూ?”

“ముదురే. వెలిసేకొద్దీ బాగుంటుంది.”

“మా గోడ పచ్చది.”

“పచ్చ మీద ఎరుపు, కొండ గులాబీ ఆకుల్లో పండులా ఉంటుంది కెంజే. త్వరగా సరేననవే!”

“తొందరేముంది? పొయ్యి ఎటూ పోదు, తివాచీ ఎటూ పోదు.”

సరిగ్గా అప్పుడే గొర్రెల వైపు నుంచి కేక వినబడింది.

“సుయుంచు! సుయుంచు! తప్పుకోండి, దారివ్వండి! సుయుంచు!”

ఆసుపత్రి ఏప్రానుతో, చేతిలో గంజి గరిటెతో, గొర్రెల మందని నడిమికి చీల్చుకుంటూ వస్తోంది షరీపా. గొర్రెలు రెండు పాయలై దారిస్తున్నాయి. పెద్ద మనిషి, లావుపాటి మనిషి. అయినా ఆ పరుగు చూస్తే పందెపు గుర్రాలు సిగ్గుపడాలి.

“కెంజే! సరేనను! ఎసెన్, చెయ్యి కలుపు!” అని బురుల్చా చెయ్యి చాపింది.

చేతులు కలిస్తే బేరం ఖాయం. ఎసెన్ చెయ్యి చాపబోయాడు.

“ఆ మసి చేతులేంటి!” అని కెంజే అతని మణికట్టు మీద ఒక్కటిచ్చింది. “అంచు తెల్లతాడు! మసి అంటితే పోతుందా? తుడుచుకో ముందు!”

“గుడ్డేదే?”

“నీ కొట్లో గుడ్డ నన్నడుగుతావేం?”

“కెంజే, నువ్వే కలుపు తల్లీ, నీ చెయ్యే ఇయ్యి!”

“బేరానికి ఆయనే చెయ్యి కలపాలి. ఇంటి మగవాడు…”

ఇంటి మగవాడు గుడ్డ వెతుక్కుంటూ ఉండగానే షరీపా వచ్చి తివాచీ నడిమధ్యన ధబేలుమని కూలబడింది. ఊపిరి అందడం లేదు. గరిటె ఎత్తి ఆగమని సైగ చేసింది. సంతలో ఆ భాగమంతా ఆగింది.

“ఆడపిల్ల!” అంది చివరికి. “ఒసే బురుల్చా, ఆడపిల్లే! తల్లీ పిల్లా ఇద్దరూ గుండ్రాయిల్లా ఉన్నారు. నువ్వు నాన్నమ్మవైపోయావు మరదలా! సుయుంచు!”

ఆడపిల్ల. బురుల్చా ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. మిగతావి వినబడలేదు. చాపిన చెయ్యి అలాగే గాల్లో ఉంది. జుమాష్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

“ఏం కావాలి వదినా?” అంది బురుల్చా, అడగక తప్పదు కనక.

షరీపా కింద అరచెయ్యి పరిచింది. వేసవిలో పరిచినట్టే. “మెత్తగా ఉందే,” అంది.

 కెంజే, “అయ్యో, నేను సరే అందామనే అనుకుంటున్నా,” అని గొణిగింది. బురుల్చా గదిని తలుచుకుంది. తలుపుంది, కిటికీ ఉంది. ఇంకొకళ్ళ బిడ్డ కబురైతే ఏదో ఒకటి చెప్పి తప్పుకునేదే. ఇది తన వంశం కబురు.

“తీసుకో. సంతోషంగా ఇస్తున్నా,” అంది. సంతోషం నిజమే. మిగతాదంతా పళ్ళ బిగువున అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు హమ్మయ్య అనుకుని ఒక్కసారిగా మాటలు మొదలెట్టారు. బేగిమ్ అయితే ఏడుస్తూ నవ్వింది. టోపీల ఆయన పొద్దుటి నుంచి దాచుకున్న శుభాకాంక్షలన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాడు.

బురుల్చా ఆడపడుచు పక్కన, పరాయిదైపోయిన తన తివాచీ మీద చతికిలబడింది. పొయ్యి సంగతి ఆ క్షణాన నిజంగానే ఆమెకి గుర్తులేదు.

“ఎలా ఉంది వదినా? జుట్టుందా?”

“జుట్టా! నల్లగా ఇంత. చెవుల మీదకి పడుతోంది.”

“చెవులు?”

“మీ ఆయన చెవులే. పాపం.”

“ముక్కో?”

“ముక్కు ఇంకా తేలలేదు. గడ్డం కింద మాత్రం సొట్ట ఉంది, అచ్చం నాకున్నట్టు. చూడు.” షరీపా గడ్డం ఎత్తి నలుగురికీ తిప్పి చూపించింది. “నర్సు ఎవర్నీ రానివ్వనంది. నేనాగుతానా? గంజి గిన్నె పట్టుకుని సరాసరి లోపలికే పోయా. ఉర్మత్‌గాడు ఇంకా కిటికీ కిందే చలికి గెంతుతున్నాడు. కన్నతండ్రి కంటే ముందు చూసింది నేనే! చూడ్డమేమిటి, ఎత్తుకున్నా. ఇదిగో, ఈ చేతులతో. నా వేలు పట్టుకుని వదల్లేదే! కాలివేళ్ళు కూడా ఒక్కోటీ విప్పి చూశా.”

“అన్నీ చూశావా?”

“అన్నీ. నేను చూడంది ఒక్కటి లేదు.”

బురుల్చా నెమ్మదిగా ఆడపడుచు మొహంలోకి చూసింది.  ఇంతసేపూ ఆశగా అడిగిన గొంతే, అయినా ఈసారి కొంచెం బిగ్గరగా, గొర్రెల వైపు వాళ్ళకి కూడా వినబడేట్టు అడిగింది.

“పుట్టిన పిల్లని అందరికంటే ముందు చూశావు. మరి కొరుమ్‌దుక్ ఏమిచ్చావు వదినా?”

షరీపా గరిటె ఆగిపోయింది.

పసిబిడ్డని మొదటిసారి చూసినవాళ్ళు ఉత్త చేతులతో చూడకూడదు. చూసినందుకు కానుక పెట్టి తీరాలి. ఇది షరీపాకి ఒకళ్ళు చెప్పాలా? ఊళ్ళో ఏ కొత్త కోడలి ముసుగు తీసినా, కొరుమ్‌దుక్ ఏదని వేళ్ళు ఆడించేది ఆవిడే.

“ఆసుపత్రిలో చూస్తే లెక్కేమిటే? ఇంటికొచ్చాక చూడ్డం లెక్క గానీ.”

“కళ్ళు ఆసుపత్రిలో వదిలేసి వచ్చావా?” అంది కలీచా, బుగ్గలోని ఉండ ఈ పక్క నుంచి ఆ పక్కకి మారుస్తూ.

“నువ్వూరుకో అమ్మా!”

“ఎందుకూరుకుంటాను? నువ్వు పుట్టినప్పుడు నిన్ను చూడ్డానికొచ్చిన మీ మేనత్త మేకపిల్లనిచ్చి చూసింది. చూశాక మేకపిల్ల తిరిగిచ్చెయ్యమంది, అది వేరే సంగతి. ఇచ్చి మాత్రం చూసింది.”

“ఉత్త చేతులతో చూసి, పైగా ఎత్తుకుందట,” అంది బేగిమ్, సీసాల భద్రత కూడా మరిచిపోయి. “కాలివేళ్ళు కూడానట.”

“నా చేతిలో ఏముందే అప్పుడు? గంజి గరిటె!”

“పోనీ గరిటె ఇచ్చావా?” అన్నాడు టోపీల ఆయన.

జనం నవ్వారు. షరీపా మొహం ఎర్రబడింది. బిడ్డకి దిష్టి తగిలిందని రేపు ఎవరైనా అంటే, ఉత్త చేతుల షరీపా చూసింది కనకే అంటారు. అది ఆవిడకీ తెలుసు. ఏప్రాను జేబులో చెయ్యి పెట్టింది. ఉప్పు పొట్లం తగిలినట్టుంది, మళ్ళీ తీసేసింది. కింద చూసింది. ఆ పూట ఆవిడకంటూ ఉన్నది ఒక్కటే, దాని మీదే కూర్చుని ఉంది.

“సరేలే,” అంది. గొంతు చిన్నదైంది. “ఈ తివాచీయే ఇచ్చేస్తా దానికి. పోనీ.”

జనం సెబాసన్నారు. బురుల్చా అనలేదు. బిడ్డకి పెట్టిన కొరుమ్‌దుక్ బిడ్డదే. అమ్మడానికి లేదు, మార్చడానికి లేదు. తివాచీ ఇంటికొస్తుంది, గదిలో పరుచుకుంటుంది, దాని మీద పిల్ల చలికి వణుకుతుంది. ఆమె తివాచీ కేసి చూసింది, దాని వెనక నిలబడి ఉన్న పొయ్యి కేసి చూసింది. పొయ్యి నాలుగు కాళ్ళ మీద, నల్లగా, బొద్దుగా, ఎవరిదో ఒకరిది కావడానికి సిద్ధంగా ఉంది.

ఒక్క మాటలో తేలిపోతుంది. ఆ మాట అంటే రెండు చలికాలాల పని మీద తన పేరుండదు. అనకపోతే పొయ్యి ఉండదు.

“వదినా, ఇంత పసిగుడ్డుకి తివాచీ ఏం చేసుకోను?” అంది. “నీ స్థాయికి తగ్గట్టు పెద్దదే పెట్టు. ఇదిగో, ఈ పొయ్యి పెట్టు. కెంజే ఈ తివాచీ తీసుకుని పొయ్యి ఇచ్చేస్తుంది. నీ చేత్తో తివాచీ ఇయ్యి, నీ చేత్తో పొయ్యి తీసుకో. ఊళ్ళో ఎవరైనా పసిబిడ్డకి పొయ్యి పెట్టి చూశారా ఇప్పటిదాకా?”

షరీపా కళ్ళు మెల్లిగా పొయ్యి మీదికి వెళ్ళాయి, అక్కణ్ణించి జనం మీదికి వెళ్ళాయి.

“ఎవరూ పెట్టలేదు,” అంది.

“గొర్రెని పెట్టినవాళ్ళున్నారు. పొయ్యి ఎవరూ పెట్టలేదు,” అన్నాడు జుమాష్. పొద్దుటి నుంచి అతనన్న తెలివైన మాట అదొక్కటే.

“మాకెవరిస్తేనేం?” అంది కెంజే. “నీడలో కూడా బాగుంది ఎరుపు.”

షరీపా లేచి నిలబడింది. ఏప్రాను దులుపుకుంది. గరిటె గాల్లోకి ఎత్తి, సంతకి ఆ చివరిదాకా వినబడేట్టు అరిచింది.

“అందరూ వినండి! మా తమ్ముడి మనవరాలికి, ఈ షరీపా పొయ్యి పెడుతోంది! చలికి వణకనిస్తానా నా తల్లిని? ఇనప పొయ్యి! గొట్టంతో సహా!”

ఎసెన్ ఎట్టకేలకి చేతులు తుడుచుకుని వచ్చాడు. షరీపాతో చెయ్యి కలిపాడు. పెద్దలు అరచేతులు మొహం మీదుగా దించుకుని “ఓమీన్” అన్నారు. బురుల్చా కూడా అంది, అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా.

*

పొయ్యి కారు వెనక సీటు సగం ఆక్రమించింది. మిగతా సగంలో బురుల్చా, కలీచా, దుంపల ఖాళీ బస్తాలు. గొట్టం కిటికీలోంచి బయటికి పొడుచుకొచ్చింది. ముందు సీట్లో షరీపా. ఆసుపత్రి పిలుపు దూరమే అయినా ఆవిడ కారు రెండుసార్లు ఆపించింది, గొట్టం ఏమిటని అడిగినవాళ్ళకి చెప్పడానికి.

ప్రసూతి గది మేడ మీద. లోపలికి రానివ్వరు కనక చుట్టాలందరూ కిటికీ కింద నిలబడాల్సిందే. ఉర్మత్ అక్కడే ఉన్నాడు. ముక్కు ఎర్రబడి, రాత్రంతా గెంతిన చోట గడ్డి అణిగిపోయి ఉంది.

“అమ్మా! ఫోను చెయ్యొద్దన్నావుగా, చెయ్యలేదు!” అని వచ్చి తల్లిని వాటేసుకున్నాడు. అప్పుడు కారు కిటికీలోంచి వచ్చిన గొట్టం చూశాడు. “పొయ్యి దొరికిందా? ఎలా?”

షరీపా చేతులు కట్టుకుని బురుల్చా కేసే చూస్తోంది. చెప్పు అన్నట్టు.

“మీ మేనత్త పెట్టిందిరా,” అంది బురుల్చా.  “పాపకి కొరుమ్‌దుక్.”

ఉర్మత్ మేనత్తని ఎత్తి గిరగిరా తిప్పబోయి, ఆవిడ బరువుకి ఆగి, రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నాడు. “అత్తా, నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళం!” అన్నాడు.

“అదేగా నేననేది,” అంది షరీపా.

ఇక నుంచి ప్రతి చలికాలం ఆవిడ వస్తుంది. ఆ పొయ్యి పక్కనే కూర్చుంటుంది. కాళ్ళు చాపి, నేను పెట్టిన పొయ్యి అంటుంది. వచ్చినవాళ్ళకల్లా చెబుతుంది. పిల్ల పెద్దదై నమ్ముతుంది కూడా. బురుల్చా ఇదంతా వరసగా ఊహించుకుంది, ఊహించుకుని ఒక్క నిట్టూర్పు విడిచింది. గది వెచ్చగా ఉంటుంది కదా అనుకుంది.

పైన కిటికీ తెర కదిలింది.

“వస్తోంది, వస్తోంది!” అన్నాడు ఉర్మత్. జేబులోంచి వెండి గంట ఉన్న చిన్న తాడు తీసి పట్టుకున్నాడు. జుమాష్ తన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, కొత్తదే. కలీచా కురుత్ మూటకి ముడి వేసి ఎత్తి పట్టింది. బురుల్చా ఒక్కసారిగా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

“నా దగ్గరేం లేదు!”

“ఏంటే?”

“కొరుమ్‌దుక్! నాకేం మిగల్లేదు, ఉత్త చేతులతో వచ్చేశా!”

“అయ్యో అయ్యో, చూడకు, చూడకు!” అంది షరీపా. ఆ రాగంలో ఎంత ఆనందమో. “నువ్వు తల దించుకో, నే చెబుతా. మేరిమ్ ఎత్తి చూపిస్తోంది. ఆవలించింది. ఇప్పుడు కళ్ళు తెరిచింది. అబ్బ, ఏం కళ్ళే!”

బురుల్చా నేల కేసి చూస్తూనే వేలి ఉంగరం లాగింది. పెళ్ళినాటి వెండి ఉంగరం. ఇన్నేళ్ళు వేణ్ణీళ్ళలో ఉన్ని పిసికీ పిండీ కణుపులు ఉబ్బిపోయాయి, అది రాలేదు. ఉమ్మి రాసింది. తిప్పింది. జుమాష్ కూడా ఒక చెయ్యి వేశాడు.

“త్వరగా అమ్మా, చలి అంటోంది నర్సు, తీసుకుపోతారు!” అన్నాడు ఉర్మత్.

“నవ్వుతోందే!” అంది షరీపా. “ఉహూఁ, నవ్వు కాదు, తేనుపు.”

“రావడం లేదు, రావడం లేదిది!”

“తెర వేసేస్తున్నారు!”

బురుల్చా ఉంగరం వదిలేసింది. ఉంగరమున్న చెయ్యి బిగించి కిటికీ కేసి ఎత్తింది.

“వేలితో సహా ఇచ్చేశాను! అందరూ సాక్ష్యం! తరవాత మీరే కోసుకోండి!” అని అరిచి, తల ఎత్తి చూసింది.